వేడి గుంట దగ్గర నేను చెప్పిన అబద్ధం

ఉపాధ్యాయ ఉద్యోగాల నోటిఫికేషన్ కోసం ఎదురుచూస్తూ ఖమ్మంలో హాస్టల్లో ఉండి కోచింగ్‌కు వెళ్తున్న రోజుల్లో, ఆదివారాలు నేను ఒక ట్రావెల్స్‌లో గైడుగా పనిచేశాను. మాది కల్లూరు దగ్గర వ్యవసాయ కుటుంబం. ఆడపిల్ల వ్యానులో నిలబడి మైకు పట్టుకోవడం మా నాన్నకు నచ్చలేదు గాని, నా ఖర్చులు నేనే చూసుకుంటున్నానని తెలిసి ఊరుకున్నాడు.

పని తేలికైనదే. పొద్దున ఆరింటికి బస్టాండు దగ్గర జనాన్ని ఎక్కించుకోవాలి. కిన్నెరసాని జలాశయం, అడవిలో ఒక వాగు, భద్రాచలం దగ్గర గోదావరి, చివరగా నది ఇసుకలో ఊరే వేడి నీళ్ల గుంటలు చూపించాలి. చీకటి పడకముందే అడవి రోడ్డు దాటి వెనక్కి తీసుకురావాలి. దారిలో ఒక్కోచోట గురించి నాలుగు ముక్కలు చెప్పాలి. ఆ నాలుగు ముక్కలు చెప్పడంలోనే నేను చెడిపోయాను.

మొదటి ట్రిప్పులో ఒకాయన వేడి గుంటల దగ్గర అడిగాడు, "ఈ నీళ్లల్ల కాళ్లు పెడితే ఏమొస్తదమ్మా?" అని. భూమి లోపలి పొరల్లో కాగిన నీళ్లు పగుళ్ల గుండా పైకి వస్తాయని, నేను చదివి వచ్చిన సంగతి చెప్పాను. ఆయన ముఖంలో ఉత్సాహం చప్పున చల్లారిపోయింది. వెనక ఉన్నవాళ్లు ఫోన్లు చూసుకోవడం మొదలుపెట్టారు. అప్పుడు నా నోటి నుంచి, నేను ముందుగా అనుకోని మాట ఒకటి వచ్చింది. "మొన్నొక పెద్దాయన చేతికర్ర పట్టుకుని వచ్చాడండి. అరగంట కాళ్లు పెట్టి కూర్చున్నాడు. కర్ర ఇక్కడే వదిలేసి నడిచిపోయాడు."

అలాంటి పెద్దాయన ఎవరూ లేరు. కానీ అందరూ నా వైపు తిరిగారు. మా ట్రావెల్స్ యజమానికి ఈ సంగతి ఎవరో చెబితే, ఆయన నన్ను పిలిచి మెచ్చుకున్నాడు. "గట్ల చెప్పాలె. జనానికి కథ కావాలె" అన్నాడు. ఆ కథను తన వాట్సాప్ స్టేటస్‌లో పెట్టాడు. తర్వాతి వారాల్లో అది నా నోట్లో పెరిగింది. మొదట్లో పెద్దాయనకు మోకాళ్ల నొప్పులు. చాలామంది తిమ్మిర్ల గురించి అడుగుతున్నారని తిమ్మిర్లు కూడా చేర్చాను. ఆ ఒక్క మాట చేర్చినప్పుడు నేను ఎక్కడ నిలబడి ఉన్నానో, ఏ రంగు దుపట్టా వేసుకున్నానో కూడా నాకు ఇప్పటికీ గుర్తుంది.

నేను చెప్పబోయేది మాఘమాసంలో ఒక ఆదివారం సంగతి. వ్యానులో పదకొండు మంది ఉన్నారు. వాళ్లలో ఇద్దరి ముఖాలు తప్ప ఇంకెవరివీ నాకు గుర్తు లేవు. ఆ ఇద్దరూ భార్యాభర్తలు. ఆయనకు అరవై ఐదు ఉంటాయి. ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, మెడలో మఫ్లరు, కాళ్లకు వెడల్పాటి మెత్తటి చెప్పులు. ఆమె పొట్టిగా, గట్టిగా ఉన్న మనిషి. చేతిలో సంచి, సంచిలో ఆయన మందులు, చపాతీలు. వాళ్లను నేను బాబాయ్, పిన్ని అన్నాను. ఎక్కిన వాళ్లందరినీ అలాగే పిలిచేదాన్ని.

బాబాయ్ ముందు సీట్లో, మా వ్యాను డ్రైవరు వెనకాలే కూర్చున్నాడు. ఊరు దాటగానే నాతో మాట కలిపాడు.

"ముప్పై ఏండ్లు ఇదే రోడ్డు మీద భద్రాచలం బస్సు నడిపిన బిడ్డా. ఒక్కనాడు పక్కకి దిగి చూడలే."

"ఒక్కసారి కూడానా బాబాయ్?"

"టైముకి డిపో చేరాలె గదా. కిన్నెరసాని, కిన్నెరసాని అని జనం దిగుతుంటే బోర్డు చూసుడే. గిప్పుడు తీరుబడైంది. కాళ్లే సహకరిస్తలేవు."

ఆయనకు ప్రతి మలుపూ తెలుసు. మలుపు రాకముందే ఆయన ఒళ్లు అటువైపు వంగేది. ఒక కల్వర్టు దగ్గర వానాకాలంలో రోడ్డు మీంచి నీళ్లు పోతుంటే, నిండు బస్సును పెట్టుకుని మధ్యాహ్నం దాకా కూర్చున్న సంగతి చెప్పాడు. ఆ మాటలు నా మైకు మాటల కంటే బాగుండి, వెనక సీట్లవాళ్లు కూడా ముందుకు వంగి విన్నారు. నాకు కొంచెం కష్టంగా అనిపించింది. గైడును నేను కదా అనిపించింది. ఇంత చిన్న సంగతి కూడా రాయాలి, ఎందుకంటే సాయంత్రం నేను ప్రవర్తించిన తీరుకు అందులోనూ కొంత ఉంది.

కొత్తగూడెం దగ్గరికి వస్తుండగా ఆయన గొంతు తగ్గించి అడిగాడు. "ఆ కర్ర వదిలిపెట్టి పోయిన పెద్దాయనది ఏ ఊరు బిడ్డా? మా పక్కింటాయన ఫోన్ల చూపిస్తే చదివిన. నేను వచ్చింది గా ముచ్చటకే."

నేను ఒక్క క్షణం కూడా ఆగలేదు. "కారేపల్లి అవతల ఏదో పల్లె అన్నారు బాబాయ్."

"ఎన్నిసార్లు వచ్చిండట?"

"ఒక్కసారే."

ఆయన తలూపి, భార్య వైపు తిరిగి, "ఒక్కసారే అట" అన్నాడు.

కిన్నెరసాని దగ్గర అందరూ జింకల దగ్గరికి పోయారు. ఆయన మాత్రం జలాశయం గట్టు మీద నిలబడి నీళ్లను చాలాసేపు చూశాడు. చుట్టూ కొండలు, మధ్యలో నీళ్ల మీద చిన్న చిన్న దీవులు. "బోర్డు వెనక ఇంత ఉందా" అన్నాడు, ఎవరితోనూ కాదు. నాకు ఆయన మీద ఇష్టం కలిగింది. పిన్ని నాకు ఒక చపాతీలో కూర చుట్టి ఇచ్చింది. తిన్నాను.

అక్కడి నుంచి అడవిలో వాగు దగ్గరికి వెళ్లాం. టేకు ఆకులు రాలే కాలం. ఆకుల మీద నడుస్తుంటే అందరి అడుగుల చప్పుడూ వినబడేది. వాగులో నీళ్లు పిక్కల దాకా ఉన్నాయి, అడుగున నున్నటి రాళ్లు. చెప్పులు విప్పి అవతలి బండ దాకా నడిచి రావడం అక్కడి సరదా. బాబాయ్ కూడా చెప్పులు విప్పాడు. పిన్ని వద్దంది. ఆయన నవ్వి, నా భుజం ఆసరాగా పట్టుకుని దాటాడు. బండ మీద కూర్చున్నాక చూస్తే, రాతి మీద ఎర్రటి తడి కనిపించింది. ఆయన ఎడమ పాదంలో వేలంత ముల్లు దిగి ఉంది. ఒడ్డునే గుచ్చుకుని ఉండాలి. దాని మీదే అడుగులు వేస్తూ వాగంతా దాటి వచ్చాడు.

"నొప్పి లేదా బాబాయ్?"

"ఏంది?" అని ఆయన తన పాదం వైపు, ఎవరిదో పాదం చూసినట్టు చూశాడు.

పిన్ని వచ్చి ముల్లు తీసింది. సంచిలోంచి గుడ్డ తీసి కట్టింది. ఆయన నలుగురితో కలిసి ముందు నడుస్తుంటే, ఆమె వెనక నాతో నడిచింది. "ఆయనకి పాదాలల్ల ఏం తెల్వదమ్మా. షుగరు. నిరుడు చెప్పుల మేకు దిగితే పొద్దుగూకేదాక తెల్వలే. డాక్టరు పాదాలు జాగ్రత్త అని మరీ మరీ చెప్పిండు." కొంచెం ఆగి, నా చెయ్యి పట్టుకుని అడిగింది. "నువ్వు రోజూ చూస్తవు గదా. ఆ వేడి నీళ్లు ఈయనకి పెట్టొచ్చా?"

నాకు తెలియదు. తెలియదని చెప్పడానికి ఒక్క మాట చాలు. ఆమె నన్ను నమ్మి అడిగింది, వాగు దగ్గర మా ఇద్దరి మధ్య ఇంకెవరూ లేరు, నేను అబద్ధమాడి గెలుచుకునేది కూడా ఏమీ లేదు. అయినా, నా కథ నిజం కాదని ఆమెకు అనుమానం వస్తుందేమోనని భయపడ్డాను.

"పెట్టొచ్చు పిన్నీ. తిమ్మిర్లకే కదా ఎక్కువమంది వచ్చేది" అన్నాను.

మధ్యాహ్నం భోజనాలు అయ్యాక గోదావరి దగ్గరికి చేరేసరికి నాలుగు దాటింది. చలికాలానికి నది సన్నబడి, ఒడ్డు నుంచి చాలా దూరం ఇసుక తేలి ఉంది. ఆ ఇసుకలో ఒకచోట మోకాలి లోతు తవ్వితే, అడుగు నుంచి బుడగలు లేస్తూ వేడి నీళ్లు ఊరుతాయి. నీళ్ల మీద సన్నగా ఆవిరి, కొంచెం గంధకం వాసన. వానాకాలంలో అదంతా నది కింద ఉంటుంది. ప్రవాహం తగ్గాక మళ్లీ కొత్తగా తవ్వాలి. ఆ పని దగ్గరి ఊళ్లో ఒకామె చేసేది. కోయామె. నలభై ఐదేళ్లుంటాయి. పారతో గుంటలు తవ్వి, నది నుంచి డబ్బాతో చల్లటి నీళ్లు తెచ్చి కలిపి, చెయ్యి పెట్టి చూసి, అప్పుడు జనాన్ని కూర్చోనిచ్చేది. చూడవచ్చినవాళ్లు తోచింది ఇచ్చేవాళ్లు. నేను వారం వారం ఆమెను చూస్తున్నా, ఆమెతో మాట్లాడింది తక్కువ.

ఆ రోజు మాకంటే ముందు ఇంకో రెండు బళ్లు వచ్చి ఉన్నాయి. గుంటలన్నీ నిండిపోయాయి. పైభాగంలో ఒకటే ఖాళీగా ఉంది. బాబాయ్ అప్పటికే ప్యాంటు మడిచి దాని గట్టున కూర్చున్నాడు. ఆమె పార పట్టుకుని పరుగులాంటి నడకతో వచ్చింది.

"ఆగుండ్రి. ఇది ఇప్పుడే తవ్విన. మస్తు కాగుతాంది. నీళ్లు కలపాలె."

నేను టైము చూసుకున్నాను. ఐదుకల్లా బయలుదేరకపోతే అడవి రోడ్డు మీద చీకటి పడుతుంది. ఆలస్యమైతే యజమాని ఫోన్లో అందరూ వినేలా అరిచేవాడు. వంగి రెండు వేళ్లు నీళ్లలో పెట్టి చూశాను. చురుక్కుమంది. వేళ్లు వెనక్కి లాక్కున్నాను. నా వేళ్లు నాకు చెప్పాయి. ఆ మాట ఎప్పుడూ దాటవేయలేను.

"కాస్త వేడి ఉంటేనే పనిచేస్తుంది" అన్నాను.

ఆమె నా వైపు కాదు, బాబాయ్ పాదానికి కట్టి ఉన్న గుడ్డ వైపు చూసింది. "ఆయన కాళ్లకి కాక తెలుస్తదా? తెల్వనోళ్లని దీంట్ల పెట్టొద్దు. పోయినేడు ఒకాయనకి తోలు ఊడింది."

చుట్టూ ఉన్నవాళ్లు తలలు తిప్పి చూశారు. నా వ్యానులోని వాళ్ల ముందు, ఇసుకలో గుంటలు తవ్వే మనిషి నా తప్పు పట్టుకుంది. నా ముఖం వేడెక్కింది. "నాకు తెలుసమ్మా. ప్రతి వారం వస్తున్నా. నీ పని నువ్వు చూసుకో" అన్నాను.

బాబాయ్ నా మాట విని రెండు పాదాలూ నీళ్లలోకి దించాడు. ఆమె డబ్బా తీసుకుని నది వైపు వెళ్లింది. నది పాయ దూరం. ఆమె నిండు డబ్బాతో తిరిగి వచ్చి గుంటలో పొయ్యడానికి పది నిమిషాలు పట్టింది. ఆ పది నిమిషాలూ ఆయన పాదాలు ఆ నీళ్లలోనే ఉన్నాయి. ఆమె మళ్లీ వెళ్లి ఇంకో డబ్బా తెచ్చింది.

బాబాయ్ కళ్లు మూసుకుని కూర్చున్నాడు. తర్వాత కళ్లు తెరిచి నన్ను పిలిచాడు. "బిడ్డా, లోపల ఏదో తెలుస్తాంది. సన్నగా. నాలుగేండ్ల నుంచి లేదిట్ల." ఆయన కళ్లల్లో నీళ్లున్నాయి. నేను ఫోన్ తీసి ఆ మాట మళ్లీ చెప్పమని అడిగాను. చెప్పాడు. వీడియో తీసి అక్కడి నుంచే యజమానికి పంపాను.

ఆయన లేచినప్పుడు పాదాలు చీలమండల దాకా ఎర్రగా ఉన్నాయి. "ఇంత ఎర్రగ అయినయేంది?" అని పిన్ని అడిగింది.

"రక్తం బాగా ఆడుతోంది పిన్నీ" అన్నాను.

తిరుగు దారిలో పాల్వంచ దాటాక, వ్యానులో సగంమంది నిద్రపోతున్నప్పుడు, పిన్ని లైటు వెయ్యమని అడిగింది. ఆయన పాదానికి మార్చి కట్టిన పొడి గుడ్డ మళ్లీ తడిసిపోయింది. విప్పి చూస్తే పాదాల మీద, వేళ్ల మధ్య పెద్ద పెద్ద బొబ్బలు. ఎడమ పాదం కింద చర్మం తెల్లగా ఉబ్బి కదులుతోంది. ఆయన అప్పుడు కూడా నవ్వుతూనే, "నొప్పైతే లేదు" అన్నాడు.

కొత్తగూడెంలో రోడ్డు పక్కన కనిపించిన ఒక దవాఖానా ముందు వ్యాను ఆపించాను. అక్కడి డాక్టరు చూసి, పాదాలు ఎంతసేపు నీళ్లలో పెట్టారని అడిగాడు. పిన్ని నా వైపు చూసింది. "పావుగంట" అన్నాను. అది ఇంకొంచెం ఎక్కువే ఉంటుంది. మిగతావాళ్లను వ్యానులో పంపించి నేను అక్కడే ఆగాను. అంతవరకు చేసిన మంచి పని అదొక్కటే. అది కూడా ఉద్యోగ ధర్మం.

యజమాని ఫోన్ చేశాడు. మొదటి ప్రశ్న, "ఆ గుంటల ఎవరు కూసోబెట్టిండ్రు?"

"అక్కడ గుంటలు తవ్వే ఆమె ఉంది కదండీ, అది ఆమె తవ్విన గుంటే" అన్నాను.

విడివిడిగా చూస్తే అందులో అబద్ధం లేదు. గుంట తవ్వింది ఆమే. గంట తర్వాత బాబాయ్ వాళ్ల అబ్బాయి ఖమ్మం నుంచి కారులో వచ్చాడు. పిన్ని లోపల ఆయన దగ్గర ఉంది. వరండాలో ఆ అబ్బాయి అడిగాడు, "ఎవరు చెప్పిండ్రండీ గా నీళ్లల్ల పెట్టమని?" అప్పటికి నా మాట నాకు అలవాటైపోయింది. "గుంటల దగ్గర ఒకామె ఉంటుంది" అని మొదలుపెట్టాను. ఆ అబ్బాయి పళ్లు కొరికాడు. ఆమె ఊరు పేరు అడిగితే చెప్పాను.

తర్వాతి ఆదివారం కూడా నేను టూరుకు వెళ్లాను. కర్ర పెద్దాయన కథ చెప్పలేదు గాని, తక్కిన కబుర్లన్నీ చెప్పాను. గుంటల దగ్గర ఆమె లేదు. ఇంకొకామె తవ్వుతోంది. ఎక్కడికి వెళ్లిందని అడిగితే, "ఖమ్మం నుంచి ఫోనొచ్చింది. మా పెద్దమనిషి ఆమెని ఇటు రావద్దన్నడు" అని చెప్పి, చేతిలో పని ఆపకుండా నన్ను చూసింది. నేనెవరో ఆమెకు తెలుసో తెలియదో ఇప్పటికీ చెప్పలేను. నేను వ్యాను దగ్గరికి వచ్చి, జనం తిరిగి వచ్చేదాకా లోపల కూర్చున్నాను. ఆ వారమంతా కోచింగ్ క్లాసులో ఎవరైనా వెనక నుంచి పిలిస్తే ఉలిక్కిపడేదాన్ని.

మూడో వారంలో యజమాని నా చేతికి పళ్ల సంచి ఇచ్చి బాబాయ్ ఇంటికి పంపాడు. "చూసి రా. కేసు గిట్ల పెడతరేమో మాటల మధ్యల కనుక్కో" అన్నాడు. అంటే, నేను ఆ ఇంటికి మొదటిసారి వెళ్లింది పలకరించడానికి కాదు, కూపీ లాగడానికి.

బాబాయ్ వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఎడమ కాలు స్టూలు మీద పెట్టి ఉంది, కుర్చీకి చేతికర్ర ఆనించి ఉంది. కట్టు వేళ్ల దగ్గర పొట్టిగా, బోసిగా ఉంది. చీము పట్టి రెండు వేళ్లు తీసెయ్యాల్సి వచ్చిందట. నన్ను చూడగానే, "రా బిడ్డా, కూసో. టీ తాగుతవా?" అన్నాడు. పిన్ని లోపలి నుంచి చూసింది. బయటికి రాలేదు.

కొంతసేపు ఆయన బస్సుల గురించి, దవాఖానాలో పక్క మంచం మనిషి గురించి చెప్పాడు. తర్వాత మామూలుగా అన్నాడు. "మా పాత కండక్టర్ది కారేపల్లే. దవాఖానల పండుకున్నప్పుడు ఫోన్ చేసి అడిగిన. ఆ చుట్టుపక్కల వాడు ఎరుగని ఊరు లే. కర్ర వదిలేసిన పెద్దాయనని పట్టుకో, ఆయన ఎట్ల చేసిండో అడగాలె అన్న. నేను ఏదన్న తప్పు చేసిన్నేమో, ఎక్కువసేపు పెట్టిన్నేమో అని. వాడు నాలుగూర్లు తిరిగి అడిగిండు. గసొంటోళ్లు ఎవ్వరు లేరన్నడు." ఆగి నా వైపు చూశాడు. "నువ్వు ఊరి పేరు మరిచిపోయి ఇంకోటి చెప్పినవేమో. అంతేనా బిడ్డా?"

ఆయన నాకు దారి ఇస్తున్నాడని అర్థమైంది. అవునని తలూపితే చాలు, టీ తాగి వచ్చేయొచ్చు. ఆయన తనదే తప్పనుకుని ఇన్ని రోజులు మంచం మీద పడుకుని ఆలోచించాడన్న సంగతి నన్ను తలూపనివ్వలేదు.

"అలాంటి మనిషి ఎవరూ లేరు బాబాయ్. నేనే కల్పించాను" అన్నాను.

ఆయన కోపగించుకోలేదు. "అవ్, అనుకున్న" అన్నాడు నెమ్మదిగా. "బస్సుల నేను గూడ చెప్పేటోణ్ణి. ఇంకో పది నిమిషాలల్ల చేరుతం అని."

అక్కడితో ఆగలేకపోయాను. గుంటలు తవ్వే ఆమె వద్దని చెప్పిందని, నేను ఆమె నోరు మూయించానని, తర్వాత నేరం ఆమె మీదికి నెట్టానని చెప్పాను. అది వినగానే ఆయన ముఖం మారింది. తన పాదం గురించి విన్నప్పుడు మారని ముఖం అప్పుడు మారింది. "మావోడు ఆమెని ఫోన్ల మస్తు తిట్టిండు బిడ్డా. ఆడమనిషిని అనరాని మాటలన్నడు. నేను పక్కనే ఇనుకుంట ఉన్న" అన్నాడు.

పిన్ని గుమ్మంలో నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో తెలియదు. "ఆయన నిన్ను ఏమనడు. ఆయన తీరే గంత" అంది. గొంతు పెంచలేదు. "వాగు కాడ నిన్ను అడిగిన గదమ్మా. చెయ్యి పట్టుకుని అడిగిన. తెల్వదంటే అయిపోతుండె. పొద్దున సాయంత్రం కట్టు మార్చేది నేను. నాకు నువ్వు యాదికి రాని రోజు లేదు. ఇంక మా ఇంటికి రాకు." పళ్ల సంచి తెచ్చి నా చేతిలో పెట్టింది. బాబాయ్ ఆమెను వారించబోయి, మళ్లీ ఊరుకున్నాడు. నేను సంచి పట్టుకుని మెట్లు దిగాను.

ఆ సాయంత్రమే యజమానికి జరిగింది చెప్పి పని మానేశాను. ఆయన నన్ను తిట్టలేదు. "ఇవన్ని బయట చెప్పకు. నీకే చెడ్డపేరు" అన్నాడు. నా వీడియోను మాత్రం తన ఫోన్‌లోంచి తీసేశాడు. ఆమెను రానివ్వమని ఊరికి ఫోన్ చెయ్యమంటే, చూద్దామన్నాడు. చెయ్యడని ఆయన మాట తీరులోనే తెలిసింది.

రెండు రోజుల తర్వాత నేనే బస్సెక్కి భద్రాచలం పోయాను. అక్కడి నుంచి ఆటోలో ఆ ఊరికి. ఆమె ఇల్లు అడిగితే చూపించారు. వాకిట్లో చింతపండు గింజలు తీస్తోంది. నన్ను గుర్తుపట్టింది. లేవలేదు.

"ఆ పెద్దాయన నడుస్తుండా?" అదే ఆమె మొదటి మాట.

రెండు వేళ్లు తీసేశారని, కర్రతో నడుస్తున్నాడని చెప్పాను. ఆమె నాలుక చప్పరించి, చింతపండు చాటను పక్కకు పెట్టింది. నేను నిలబడే, మొదటి నుంచి చెప్పుకొచ్చాను. ఆమె ఊరు చెప్పింది నేనేనని కూడా చెప్పాను. ఆ పెద్దాయన కొడుకు తిట్టిన తిట్లకు నేనే కారణమని చెప్పాను. నేను ఆపాక ఆమె అంది, "నేను చెప్పింది నీకు అర్థం కాలేదేమో అనుకున్న. మా తెలుగు వేరే ఉంటది గదా. ఇంక గట్టిగ చెప్పేదుండె, ఆ డబ్బా కోసం పోకుండ ఉండేదుండె అని ఇన్నొద్దులు నేనే అనుకుంటున్న."

"నాకు అర్థమైంది. ఆ రోజే అర్థమైంది" అన్నాను.

"అర్థమైందా?" అంది. కోపం వస్తుందని ఎదురుచూశాను. కోపం కంటే, నేనేం మనిషినో తేల్చుకోలేకపోతున్నట్టు చూసింది. ఆ చూపును నేను భరించలేక కిందికి చూశాను.

"పెద్దమనిషికి వచ్చి చెప్తవా?" అని అడిగింది చివరికి.

ఇద్దరం పెద్దమనిషి ఇంటికి వెళ్లాం. ఆమె ముందు, నేను వెనక. ఆయన అరుగు మీద కూర్చుని అంతా విన్నాడు. నేను చెబుతుంటే నలుగురైదుగురు వచ్చి చేరారు. తప్పు నాదే, ఆమె వద్దని చెప్పింది అని వాళ్లందరి ముందు మళ్లీ చెప్పాల్సి వచ్చింది. ఆయన ఆమెతో వాళ్ల భాషలో ఏదో అన్నాడు. ఆమె బదులు చెప్పింది. తర్వాత నాతో తెలుగులో, "వచ్చే వారం నుంచి పోతదిలే" అన్నాడు. నన్ను కూర్చోమని ఎవరూ అనలేదు.

బయటికి వచ్చాక ఆమె నాకు పోయివస్తానని చెప్పలేదు. ఇంటి వైపు మళ్లి, పనికి ఆలస్యమైన మనిషిలా త్వరత్వరగా నడిచి వెళ్లిపోయింది. నేను ఊరి చివర రోడ్డు మీద ఆటో కోసం నిలబడ్డాను. గంట దాకా ఏదీ రాలేదు. దారిన పోయే ఆడవాళ్లు ఇద్దరు, ఎండలో నిలబడ్డావేమని, కావాలంటే మా ఇంటి నీడన కూర్చోమని పిలిచారు. వాళ్లకు నా సంగతి ఇంకా తెలియలేదు. పర్లేదమ్మా అని, ఆటో వచ్చేదాకా ఎండలోనే ఉన్నాను.